కొక్కెం

పందికొక్కు మన మాటే.
దొరలు ఎత్తుకుపోయి
వాళ్ల నాలిక్కి తగ్గట్టు వంచుకున్నారు.
మొన్న మురుగు తోడే యంత్రమొకటి దిగితే
దానికీ ఆ పేరే పెట్టారట.
మా పెంచలయ్య మామ పకపకా నవ్వాడు:
"చూస్తివా మే, కొక్కుకిచ్చిన కరెంటు మనకియ్యలా."

నెల్లూరు కరువులో రైలెక్కి
పట్నంలో దిగిన మా ముత్తాత
ఏం తెచ్చుకున్నాడని ఎవరైనా అడిగితే
ఆ ఒక్క మాటా, రెండు చేతులూ అంటాం.
చీపురు ఇక్కడే ఇచ్చారు.

పుళియాంతోపులో వాన నాలుగు రోజులు కురిసింది.
నీళ్లు తొమ్మిది రోజులున్నాయి.
ఏది రోడ్డో ఏది కాలవో తెలియని ఆ నలుపులో
మామ ఇనప కొక్కెంతో తడిమి తడిమి మూతలు వెతికాడు.
దొరికిన మూత లేపితే
ముందు పందికొక్కులే బైటికొచ్చేవి
తడిసి అంటుకుపోయిన బొచ్చుతో
పిల్లల్ని నోట కరుచుకుని.
అవీ ఇల్లు మునిగినవే కదా అని
పక్కకి జరిగి దోవ ఇచ్చేవాడు.

వాటికి జ్వరం రాదు.
మూత్రపిండాల్లో దాచుకుని తిరుగుతాయి బతికినన్నాళ్లూ,
ఒక్క పూట తిండి మానవు.
పోసిన చోటల్లా వదిలిపోతాయి.
అది నీళ్లలో ఈదుకుంటూ
పగిలిన మడమ కోసం చూస్తుంది.

పర్మినెంటు వాళ్లకి బూట్లూ, వారానికో మాత్రా ఇచ్చారు.
కాంట్రాక్టు వాళ్లకి టీ ఇచ్చారు.
టీ బాగుందనే చెప్పాడు మామ.

పదో నాడు పిక్కలు పట్టేశాయి.
"నడిచిన నొప్పిలే" అని అత్త వేణ్ణీళ్లు కాచింది.
కళ్లు ఎర్రబడితే "తాగొచ్చావా" అంది.
ఎరుపు మీదికి పసుపెక్కితే
వ్యాసర్పాడిలో ఎవరో పసరు పోస్తారని
ఆటో కట్టించుకుని పోయింది.
మూడు రోజులు.
ఆ మూడు రోజులూ నేనెక్కడున్నానంటే
ఆసుపత్రి రెండో అంతస్తులో
వేరేవాళ్ల మామల రక్తం చూస్తూ ఉన్నాను.

చెప్పకూడదు గానీ, అది అందంగా ఉంటుంది.
చీకటి మీద వెండి దారప్పోగు.
నిలవదు, తిరుగుతూనే ఉంటుంది,
కొస మాత్రం వంగి.
ప్రశ్నార్థకంలా ఉంటుందని పుస్తకంలో ఉంది.
పుస్తకం రాసినాయన
ఎప్పుడూ మూత లేపి ఉండడు.

ఐదుసార్లు డయాలసిస్.
మామ బతికాడు.
నమ్మకం చాలక ఇప్పటికీ కొన్ని రాత్రులు ఫోన్ చేసి
ఆయన దగ్గు విని పెట్టేస్తాను.

పరిహారం కాగితంలో ఒక గడి ఉంది:
వ్యాధి ఎక్కడ సోకింది?
"మీ ఇళ్లలోనూ ఎలకలుంటాయి కదమ్మా"
అన్నాడు గుమాస్తా, మెత్తగానే.
ఉంటాయి.
నేల పైన మీ గోడ వేరు, మా గోడ వేరు,
నేల కింద ఒకటే గొట్టం,
అనాలనుకున్నాను.
సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాను.
బైట ఊరు ఎప్పట్లాగే హారన్లు కొడుతూ పోతోంది,
ఒంట్లో ఇంత పెట్టుకుని
దానికీ జ్వరం రాదు.

ఫిబ్రవరిలో మామ ల్యాబుకొచ్చాడు.
చెప్పులు గుమ్మం బైటే విడిచాడు.
"వేసుకునే రా మామా."
"ఒద్దులే మే, శుభ్రంగా ఉండాది."
తర్వాత, గొంతు తగ్గించి,
"దాన్ని చూపించు."

ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.
తిడతాడేమో అనుకున్నాను.
"మన కొక్కెం మాదిరే ఉండాదే.
దీంతోనేనా నన్ను తెరిచింది?"

రేపటి నుంచి డ్యూటీ అని లేచాడు.
గుమ్మం దగ్గర వంగి
చెప్పుల్లో కాళ్లు దూర్చేటప్పుడు
మడమలు కనబడ్డాయి.
పగుళ్లు.
వాటికింకా ఎవరూ మూత వెయ్యలేదు.