తిన్నాక

కాశీబుగ్గ, జీడి బట్టీల వెనక వీధి.
మంగళవారం నా వంతు.
సంచిలో బీపీ మిషను, రిజిస్టరు,
చెమటకి సిరా పాకే పెన్ను.

తవిటమ్మ గడపలోనే కూచుని ఉంటుంది.
ముందు పుట్టినోళ్లు నిలవలేదని
ఈమెని చేటెడు తవుడుకి అమ్మేసి
సాయంత్రానికి తిరిగి కొనుక్కుందట వాళ్లమ్మ.
డెబ్బయ్యారేళ్లుగా
ఆ బేరం మీదే బతుకుతోంది.

"కూడు తిన్నావా అప్పా?"
"తిన్నాను బొట్టీ."
"ఏటి కూర?"
"వంకాయ."
పోయిన వారమూ వంకాయే.
అంతకు ముందు వారమూ.
నేను టిక్కు పెట్టుకుని పోయేదాన్ని.
ఆకలికి గడి లేదు నా రిజిస్టర్లో.

ఆవేళ బీపీ నూట ఎనభై దాటింది.
"మాత్రలు ఏసుకోట్లేదా?" గదమాయించాను.
మారు మాటాడలేదు. లోపలికెళ్లి
బియ్యం డబ్బా వంచింది.
మాత్రల అట్ట ఒక్కటే జారి పడింది.
నెల సరుకు, నెలాఖరు రోజు.
పందొమ్మిది అలాగే ఉన్నాయి.

"తిన్నాక ఏసుకోమన్నావు గదే నువ్వు.
తిన్న దినం మానలేదు."

ఆ రేకు మీద వేలు పెట్టి తడిమాను.
చిరిగిన గుంటలు పదకొండు.
మిగతావి ఉబ్బెత్తుగా, గట్టిగా,
ఒక్కోటీ ఒక్కో దినం.
నాకు చేతకాని లెక్క
ఆ రేకు తప్పు లేకుండా రాసింది.

పింఛను ఒకటో తారీకున వస్తుంది,
కంటి ఆపరేషను అప్పుకి రెండో తారీకున పోతుంది.
రేషను మిషను ఆమె వేలు పట్టదు.
నలభయ్యేళ్లు పిక్కలు కొట్టిన చేతులు అవి,
గీతలన్నీ జీడి తినేసింది.
ఆ ఇంట్లో కడుపు నిండా తిన్నది అదొక్కటే.

పప్పు వలిచే ఆడోళ్లకి చెప్పాను.
ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు
కొంగుల్లోంచి గుప్పెడేసి బియ్యం రాలాయి.
ఎండయ్య పెళ్లిళ్ల డేగిసా ఇచ్చాడు.
ఉద్దానం కొబ్బరి మట్టల మంట మీద
అన్నం, చింతపండు చారు ఉడికాయి.

మొదటి సాయంత్రం ఒక్కరూ రాలేదు.
ఇంటింటికీ వెళ్లి పిలిస్తే
వీధంతా ఒకటే మాట: "తిన్నాం."
వీధంతా ఒకటే కూర.

రెండో రోజు అబద్ధం నేనాడాను.
మోకాళ్లు నొప్పి, ఇళ్లకి రాలేను,
మాత్రలు ఇకమీదట బట్టీ దగ్గరే.
తిన్నాక వేసుకోవాలి, నా కళ్ల ముందే.

వచ్చారు.
అన్నానికి కాదు, మందుకి.
కర్రలతో, సొంత కంచాలతో,
ఎవరి గౌరవం వాళ్లు మోసుకుంటూ.
తవిటమ్మ ఒక ముద్ద తిని
చుట్టూ చూసి, గట్టిగానే అంది:
"ఉప్పు ఎవులేసినారు? సాల్లేదు."
ఇన్నేళ్లలో ఆమె నోట
ఏదైనా చాలదన్న మాట
అదే మొదలు.

మళ్లీ నెలాఖరు. అట్ట అడిగి తీసుకున్నాను.
నాలుగు మిగిలాయి.
ఏయే దినాలో అడగలేదు,
గోడ మీది క్యాలెండరు చూశాను.

ఆదివారం బట్టీలకి సెలవు.