మోత మారిన రాత్రి

ఆపరేషన్ గది లోపల ఎలా ఉంటుందో
నేనెప్పుడూ చూడలేదు.
నా చోటు బయట, తుమ్మచెట్టు పక్కన రేకుల షెడ్డు.
ఇరవై రెండేళ్లుగా ఈ జనరేటర్‌కి నేను కాపలా.
గొంతు పట్టి చెప్పగలను
లోపల ఏం జరుగుతోందో.

ఫ్రిజ్ ఒక్కటే ఆడుతుంటే గురక.
వార్డులో ఫ్యాన్లు వేస్తే
గతుకుల్లో చెరకు బండి.
ఆపరేషన్ దీపం వెలిగిందా,
ఒక్క గుటక మింగి
బస్తా భుజానికెత్తుకున్న హమాలీలా
అడుగు స్వరంలోకి దిగిపోతుంది.

వాళ్లు నైలు మీద పడవలో వచ్చారు,
ఏడుగురు, పదకొండు పెట్టెలు, రెండు పీపాల డీజిల్.
జీతం లేదట, పది రోజులుంటారట.
"యుద్ధంలోకి జీతం లేకుండా వచ్చేవి ఈగలే"
అంది వంట చేసే బఖీతా.
మొదటి రాత్రి పద్నాలుగో మనిషిని కుట్టి
గోడకానుకుని నిలబడే నిద్రపోయిన
కెన్యా డాక్టరమ్మ చెప్‌కెమోయ్‌ని చూసి
తన వాటా చక్కెరంతా ఆమె టీలో పోసింది.
ఈగల సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఐదో రాత్రి అవతలి ఒడ్డు నుంచి గుళ్లు.
"మోత వింటే గురి పెడతారు, ఆపెయ్ ఇద్రీస్"
గేటు కుర్రాడు గుసగుసగా అరిచాడు.
లోపల ఎవరిదో కడుపు తెరిచి ఉంది.
ఆపలేదు.
తడి గోనెలు కప్పాను, పరుపులు చుట్టూ నిలబెట్టాను,
జ్వరం బిడ్డకి దుప్పటి కప్పినట్టు.
అది ఉడికిపోయింది. నా అరచెయ్యి కూడా.
పొద్దున కట్టు కడుతూ డాక్టరమ్మ
ఎలా కాలిందని దుబాసీ చేత అడిగించింది.
టీ ఒలికిందన్నాను.
కట్టు మీద మరో చుట్టు చుట్టింది, నమ్మలేదని చెప్పడానికి.

నర్సు అవదియ్యా మాత్రం
ఆ పది రోజులూ ఆమె మోచేతిని వదల్లేదట.
మొదట పట్టకారు అందించింది,
తర్వాత దారం,
ఆ తర్వాత ఎవరి చెయ్యి మీద ఎవరి చెయ్యి ఉందో
చూసినవాళ్లకే తెలియదట.

వెళ్లేరోజు డాక్టరమ్మ
వరండా గోడ ముందు చాలాసేపు నిలబడింది.
బొగ్గుతో రాసిన పేర్లు.
అయిపోయినవాళ్ల మీద గీత.
గీత పడనివి నలభై మూడు.
తప్పుల అరబ్బీలో ఏదో అంది,
మగవాళ్లతో అనే మాట ఆడవాళ్లతో.
ఎవరూ దిద్దలేదు.
మళ్లీ ఎప్పుడొస్తారని కూడా అడగలేదు.
అడిగితే ఆమె అబద్ధమాడాలి,
మేం నమ్మినట్టు నటించాలి.

మర్నాడు మధ్యాహ్నం గాడిద మీద కొడుకుని వేసుకుని
నాలుగు రోజులు నడిచి వచ్చింది ఒకావిడ.
తొడలో ఇనప ముక్క, చుట్టూ నల్లబడుతున్న చర్మం.
"డాక్టర్లేరీ?"
బఖీతా నది వైపు చూసింది, అంతే.
నా షెడ్డు నీడలోనే కూర్చోబెట్టి
గోగుపూల కషాయం ఇచ్చాను.
ఆవిడ తాగలేదు, గ్లాసు కొడుకు నుదుటికి ఆనించింది.

చీకటి పడింది. జనరేటర్ గురక పెడుతోంది.
ఉన్నట్టుండి గుటక మింగింది.

నేను లేచి నిలబడ్డాను.
ఆ గదిలో దీపం వేసే మనిషి ఇప్పుడెవరు?
తెలుసు. అయినా వెళ్లి చూడలేదు.
ట్యాంకులో పుల్ల ముంచాను.
రెండు వేళ్లు. గంటన్నర.
అవదియ్యా నన్ను అడగలేదు, ఎంతుందని.
అడిగితే చెయ్యి వణికేది.

వార్డులోకి వెళ్లి మొదటి మంచం దగ్గరి లాంతరు తీసుకున్నాను.
కిరసనాయిలు ట్యాంకులోకి వంపాను.
రెండోసారి వెళ్లేసరికి
కాళ్లున్నవాళ్లు తలుపు దగ్గర నిలబడ్డారు
ఆర్పిన లాంతర్లు చేతబట్టుకుని.
లేనివాళ్లవి పక్కవాళ్లు తెచ్చారు.
గీత పడని పేర్లవాళ్లే ఎక్కువమంది.

జనరేటర్ దగ్గింది, తెల్లగా పొగ కక్కింది,
మళ్లీ బరువెత్తుకుంది.
ఆస్పత్రంతా కటిక చీకటి,
ఒక్క కిటికీ తప్ప.

తెల్లారేదాకా
దాని గొంతు మారలేదు.