సంపు నిండే లెక్క

ఏడు నలభైకి పసుపు బస్సు
మల్లేపల్లి మా గల్లీ మలుపులో ఉస్సూరని ఆగుతుంది.
ఎదురింటి కవలలు టైలు సర్దుకుంటూ ఎక్కుతారు.
మా హిమజ బాల్కనీలో పళ్లు తోముకుంటూ
నురగ నోటితోనే చెయ్యి ఊపుతుంది.

బస్సు వెళ్లాక కాసేపు గల్లీ
తుడిచేసిన పలకలా ఉంటుంది.
ఆ కాసేపే నాకు భయం.
ఈలోపు పాలు పొంగుతాయి.

మా ఇంట్లో గంట లేదు.
రోజు విడిచి రోజు వచ్చే నల్లానే మా గంట.
పైపులో ముందు గాలి దగ్గుతుంది,
తర్వాత తుప్పు రంగు,
ఆ తర్వాత నీళ్లు.
"అమ్మా, వచ్చినయ్!"
కర్రస్కేలు పట్టుకొని సంపు మూత దగ్గరికి ఒకటే ఉరుకు.
పది నిమిషాలకు నాలుగు వేళ్లు.
మోటరు నడుస్తుంటే రెండే.
మే నెల లెక్క వేరు,
కింది వాటా వాళ్లు దుప్పట్లు ఉతికే రోజు లెక్క వేరు.
నోట్‌బుక్కులో వాళ్ల దుప్పట్లు కూడా బొమ్మ వేసి పెట్టింది.
ఇవెందుకే అంటే
"అవి గూడ నీళ్లు తాగుతయ్ గదా."

మొన్న మా పెద్ద వదిన వచ్చింది.
చెప్పులు విప్పుతూనే అడిగింది, పదిహేడో ఎక్కం చెప్పమని.
పదిహేడు ఐదుల దగ్గర పిల్ల ఆగింది.
ఫ్యాను తిరిగింది.
నేను పప్పులో రెండోసారి ఉప్పు వేశాను.
"ఎనభై ఐదు" అంది చివరికి,
"కానీ అత్తమ్మా, పదిహేడుని ఎంతమందికి పంచినా
ఎందుకు మిగులుతది?"
వదిన నా వైపు చూసింది.
నేను కుక్కరు వైపు చూశాను.

ఆ రాత్రి పల్లీలు పోసుకొని నేల మీద కూర్చున్నాం.
ఇద్దరికి పంచితే ఒకటి మిగిలింది,
ముగ్గురికైతే రెండు,
ఐదుగురికైనా రెండే.
మిగిలినవి నోట్లో వేసుకోవద్దని ఒప్పందం, లెక్క పాడవుతదని.
డ్యూటీ దిగి వచ్చిన వాళ్ల నాన్న
ఒప్పందం తెలియక నాలుగు తినేశాడు.
మళ్లీ మొదటి నుంచి.
"అసలు ఎందుకమ్మా ఇట్ల?"
నాకు తెలియదన్నాను.
పదకొండేళ్లు బడిలో లెక్కలు చెప్పిన నోరు
ఆ మాట అనడం అదే మొదటిసారి.
నా మాటకు పిల్ల ఏమీ జడుసుకోలేదు.
పల్లీలు మళ్లీ దగ్గరికి జరిపింది, అంతే.

మధ్యాహ్నాలు పై అంతస్తులో
ఖుర్షీద్ ఆపా కుట్టుమిషను పక్కన అలిఫ్, బే.
ఒకే పేజీలో తెలుగు ఎడమ నుంచి బయల్దేరింది,
ఉర్దూ కుడి నుంచి.
"రెండూ యాడ కలుస్తయ్ ఆపా?"
ఆపా పెదాల మధ్య గుండుసూదులు. నవ్వడానికి వీల్లేదు.
సుద్దముక్కతో పేజీ నడుమ గీత గీసి,
సూదులు ఒక్కొక్కటే తీసి, అంది:
"ఇక్కడ అర అంగుళం వదలాలె బేటా, కుట్టుకి."

అన్ని రోజులూ ఇలా ఉండవు.
కొన్ని రోజులు పుస్తకం తెరవం.
కొన్ని రోజులు నేను అరుస్తాను,
అది మంచం కింద దూరి
చీమల బారు ఎటు పోతుందో చూస్తుంది.
అదీ పాఠమే అని నన్ను నేను నమ్మించుకోవడానికి
ఒక్కోసారి సాయంత్రం పడుతుంది.

నిన్న నిద్రలోకి జారుతూ అంది:
"ఒక్కసారి ఆ బస్సు ఎక్కాలని ఉంది."
చీకట్లో నా చెయ్యి దాని జుట్టులోనే ఆగిపోయింది.
పదకొండేళ్ల జీతం, వదిన చూపు, తెరవని పుస్తకాలు
అన్నీ ఒకేసారి మంచమెక్కాయి.
"ఎక్కి?"
"కిటికీల నుంచి మన బాల్కనీ
ఎట్ల కనపడ్తదో చూస్త."

అది నిద్రపోయింది.
నేను లేచి వెళ్లి బాల్కనీ లైటు వేశాను.
ఆరేసిన తువ్వాలు, తులసి లేని తులసి కుండీ,
కడ్డీకి వేలాడుతున్న కర్రస్కేలు.
గల్లీలోకి దిగి
బస్సు ఆగే చోట నిలబడి
తల పైకెత్తి
చాలాసేపు చూశాను.