సీసాలో మిగిలింది

నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది లోపల చెప్పమంటే
చెంగల్రాయుడికి అంకె దొరకలేదు.
నాలుక సగమే మిగిలింది.
చేతుల్తో గాలిలో మోపు కట్టి చూపించాడు.
"ఎనిమిది మోపులంట సిస్టరమ్మా,
చెరుకు పిప్పి పొయ్యిలోకి ఎగదోసినట్టు
మండతా ఉండాదంట" అంది కుప్పమ్మ.

నలభై ఏళ్ళు గానుగ కాడ బెల్లం వండినోడు.
పెనం ఎప్పుడు దించాలో
బుడగల చప్పుడు విని చెప్పేవాడంట.
కార్డులో ఎనిమిది వేశాను.
మోపులు రాసే గడి లేదు.

మందు తిరుపతిలో ఉంది.
బీరువాకు రెండు తాళాలు, తాళాలకు ఇద్దరు మనుషులు,
ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ సెలవు.
మొదటి బుధవారం కాగితానికి గడువు తీరిందన్నారు.
రెండో బుధవారం సీలు సరిగా పడలేదన్నారు.
చిత్తూరు బస్సు నిండా గుండ్లు, గంధం వాసన.
పక్క సీటామె లడ్డు తుంచి నా చేతిలో పెట్టి
"మొక్కు తీరిందా పాపా?" అనింది.
ఒళ్ళో ఖాళీ సంచి.

తీరింది, మూడో బుధవారం.

మొదటి గుక్కకే మొహం ముడిచి
వేలూ వేలూ రాసి చూపించాడు.
"పాకం మాడబెట్టినావంటాడు మేయ్!"
ఆ ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు కుప్పమ్మది.

మర్నాడు తెల్లారకముందే
పక్కింటోళ్ళు తలుపు కొట్టినారంట,
రాత్రి అరుపు వినపడలేదే, పోయినాడా అని.
"నిద్రపోతా ఉండాడు, మెల్లిగా మాట్లాడండి."

గానుగ యజమాని గొంతు తగ్గించి అడిగాడు:
మత్తుమందంట గదా, అలవాటైపోతే?
"అలవాటు పడేంత కాలం ఉంటే
పడనీ అబ్బోడా" అంది కుప్పమ్మ.

ఐదు వారాలు.
రెండు మోపులు, మూడు, మళ్ళీ రెండు.
ఒకనాడు చెయ్యి ఊరికే ఊపాడు,
పొయ్యిలో బూడిదే అన్నట్టు.

దినాలు అయినాక
తువ్వాల్లో చుట్టిన సీసా తెచ్చింది ఆమె.
కొలిచాను. నలభై మిల్లీలీటర్లు.
తిరిగొచ్చిన మందు పారబోయాలి,
ఇద్దరు సాక్షులుండాలి.
"మా కింద వీధిలో మునెమ్మ, రొమ్ము పుండు,
రాత్రంతా మూలగతా ఉంది. దానికి పోయగూడదా?"

రిజిస్టరు ఆమె వైపు తిప్పాను.
వేలిముద్ర నీలంగా పడింది.
సింకులోకి వంచాను, నాలుగు రాత్రుల నిద్ర.
కుప్పమ్మ చివరిదాకా చూసింది, చుక్క కూడా వదలకుండా.

కొత్త కార్డు తీశాను.
పేరు: మునెమ్మ.
బుధవారానికి ఇంకా ఐదు రోజులు.