పదిహేడో బ్యాచ్

చర్లపల్లి రెండో ఫేజుల మా షెడ్డు.
పొద్దుగాల బస్తా మూతి విప్పితే
మొక్కజొన్న పిండి లేచి
నా మీసాల మీద కూసుంటది.
తుడుచుకోను. మళ్ల కూసునేదే కదా.

నేను మర నడిపేటోణ్ణి. పేరు సైదులు.
రసాయనం తెల్వదు, వాసన తెలుసు.
పిండి ఉడికితే గంజి వాసన.
మాడితే సర్వ అడుగు వాసన,
మా అవ్వ తిట్లు యాదికొచ్చే వాసన.

ఒక్క పిండితోని సంచి చేస్తే
ఎండల అప్పడం. మడిస్తే పటుక్కుమంటది.
ఆషాఢం ముసురుకు అదే సంచి
నానిన అటుకుల లెక్క చేతికి అంటుకుంటది.
ఇగ రెండోది,
డబ్బాలల్ల వచ్చే తెల్లటి గింజ.
మట్టిల కరిగే జాతే గాని
ధర వింటే మన గుండె ముందు కరుగుతది.
సాగుతది, తెగదు, నీళ్లను దగ్గరికి రానియ్యదు.
పిండికేమో నీళ్లంటే పాణం.

ఈ రెండిటికి పొత్తు కలపాలె.

"కలుస్తయి సైదులూ, తొందరపెట్టకు" అంటది నిఖత్ మేడమ్
గ్లిజరిన్ కొలుచుకుంట.
మూడో బ్యాచ్ మాడి గోధుమరంగు.
ఆరోది నిండా చేపకండ్లు, కలవని పిండి చుక్కలు,
వెలుగుకు పట్టి చూస్తే మమ్మల్నే చూస్తున్నయి.
పదకొండోదాని గురించి మాట్లాడొద్దని ఒప్పందం.

పదిహేడోదాంట్ల మేడమ్ చిటికెడు ఏదో వేసింది.
"ఇదేంది?"
"పెద్దమనిషి. ఒక చెయ్యి పిండి భుజం మీద,
ఇంకో చెయ్యి దాని భుజం మీద."
నూట యాభై డిగ్రీల కాడ
రెండు స్క్రూలు ఒకదాన్నొకటి ఒరుసుకుంట తిరిగినయి.
బుడగ లేచింది
మీగడ రంగుల, షెడ్డు కప్పు దాకా,
ఒక్క చుక్క లేకుంట.

నాకు మా మాటే యాదికొచ్చింది.
జల్దీ, పరేషాన్, ఖాళీ, జర.
ఏ మరల వేసి ఎవరు తిప్పిండ్రో,
అతుకు యాడుందో నా నాలుకకే తెల్వదు.

ఆదివారం రాంనగర్ చేపల మార్కెట్.
ఈదమ్మ సంచిని చెవి కాడ నలిపి చూసింది,
ఊది చూసింది,
రవ్వను పక్కకు జరిపి
తొట్టిలకెల్లి బతికున్న కొర్రమట్టను తీసి వేసింది.
"ఇది ఆగితే ఏదైనా ఆగుతది."
అది తోకతోని కొట్టింది. సంచి సాగింది. ఆగింది.

బస్సుల ఒడిల చేప, కండ్లు గడియారం మీద.
తార్నాక దాటినం. హబ్సిగూడ దాటినం.
నాచారం మలుపు కాడ సంచి అడుగు విచ్చుకున్నది.
కొర్రమట్ట కండక్టర్ చెప్పు మీద పడ్డది.
బస్సంత కేకలు.
మేడమ్‌కు ఫోన్ చేస్తే నవ్వి, రాసుకున్నది:
నలభై నిమిషాలు.

చినిగిన సంచిని పారెయ్యలే.
షెడ్డు ఎనుక ఎరువు కుప్పల పాతి
గుర్తుకు ఓ పుల్ల గుచ్చినం.
యాభయ్యో రోజు తవ్వితే,
కంటికి ఆనని నోర్లు ముందు పిండిని తిన్నయి,
తిన్న కాడల్లా వాకిలి పెట్టుకున్నయి.
మిగిలిన జల్లెడల వేలు పెడితే
వేలికి మన్నే అంటింది.

ఆ మన్ను పొట్లం కట్టి ఈదమ్మకు చూపించిన.
వాసన చూసింది. తల ఊపింది.
మార్కెట్ ఎనుక నాలా దిక్కు గడ్డం ఎత్తి
"కరిగేది దొరికింది, మంచిదే.
గదంత ఎవరు తింటరు బిడ్డా?" అన్నది.
నాలా నిండా నల్ల కవర్లు, ఎండకు మెరుసుకుంట,
నీళ్లు కనపడకుంట.

పద్దెనిమిదో బ్యాచ్‌కు మర పెట్టిన.
అది వేడెక్కనీకి నలభై నిమిషాలు.
అంతసేపు దాని ముందు కూసున్న,
మీసాల మీద పిండితోని.