తిరగేసిన అక్షరం

లివర్‌పూల్‌లో పాతవి కొన్నాడు నాన్న,
సీసపు అచ్చులు, నాలుగు పెట్టెలు.
ఇంగ్లీషు కోసం పోతపోసినవి.
మా వెల్ష్ మాటలకి వై చాలదు, డబ్ల్యూ చాలదు,
రెండో పేజీకే అడుగంటేవి.
అమ్మ ఎమ్‌ని తలకిందులు చేసి ఇరికించేది.
"చదివేవాళ్ళకి తెలుసులే" అనేది.

పగలు బడిలో ఆయన వేరే మనిషి.
కొండని చీల్చి లోకానికంతా పలకలు పంపే ఊళ్ళో
మా పిల్లల మెడకి చెక్కది,
పలకవద్దనే పలక.
వెల్ష్ దొర్లిన నోటి నుంచి నోటికి మారుతూ
బడి విడిచే వేళకి ఎవరి మెడలో ఉంటే
వాళ్ళకి బెత్తం.
ఇన్‌స్పెక్టరు సంతకం మీద మా రొట్టె.

ఒక శుక్రవారం అది మా లువెలిన్ మెడలో ఉంది.
లెక్క ప్రకారం మూడు.
ఆ రాత్రి వాచిన చేత్తోనే పత్రికలు మడిచాడు వాడు.
ఇద్దరూ మాట్లాడుకోలేదు,
ఏ భాషలోనూ.

మార్చిలో జ్వరాలొచ్చాయి.

వాడి పేరు నాన్నే కూర్చాడు, పెద్ద అచ్చులో.
రెండు వైలు, ఒక డబ్ల్యూ.
ఆ సైజువి ఉన్నవే అన్ని, పత్రిక నెత్తిన, దాని పేరులో.
అమ్మ ఎమ్ అందించబోయింది.
వద్దన్నాడు.
ఆ వారం 'కొత్త వేకువ'
పళ్ళూడిన పేరుతో ఊరంతా తిరిగింది.
ఎవరూ అడగలేదు.

అచ్చుయంత్రం కుంటికాలు కింద
ఎత్తుకి పెట్టిన చెక్కముక్కని
ఊడుస్తుంటే చూశాను నేను, దారం కూడా తీయలేదు.
పలక పోయిందని ఇన్‌స్పెక్టరుకి రాశాడట,
చక్కని ఇంగ్లీషులో.