అంచు కూలి

ఆరో తరగతి లెక్కల పుస్తకంలో
పొడవు, వెడల్పు మాత్రమే ఉంటాయి,
వాసన ఉండదు.
అట్‌బాషీలో మా ఇంట్లో ప్రతి లెక్కకీ
తడిసిన గొర్రె వాసన.

పొడవు మూడు, వెడల్పు రెండు.
కూడాలా, గుణించాలా?
ప్రతిసారీ అక్కడే కాలు జారేది నాకు.
మా పెద్దమ్మ సోనున్‌బుబు
షిర్దాక్ తివాచీ ఒళ్ళో వేసుకుని
పళ్ళతో దారం కొరుకుతూ చెప్పింది:
"తివాచీ మీద మనుషులు కూర్చునే చోటు గుణకారం.
తివాచీ చుట్టూ సూది నడిచే దారి కూడిక.
కూర్చునేవాళ్ళు వేరు, నడిచేవాళ్ళు వేరు.
కలపకు."

ఆ తర్వాత ఎప్పుడూ తప్పలేదు నేను.

మెలిస్ నెలకోసారి వచ్చేవాడు,
పాత జీపు, కొత్త టేపు.
చదరపు మీటరుకి ఇంతని కొనేవాడు.
మూడు రెళ్ళు ఆరు.
ఆరింటికీ సోమ్‌లు లెక్కపెట్టి,
వేలు తడి చేసుకుని
మళ్ళీ లెక్కపెట్టి ఇచ్చేవాడు.
మోసగాడు కాడు. చిక్కంతా అదే.

ఆ చలికాలం వచ్చి అన్నాడు:
"రాజధానిలో హోటలు కట్టారు, అన్నీ పొడుగాటి నడవాలు.
పొడవు ఆరు, వెడల్పు ఒకటి. పన్నెండు కావాలి.
ఆరొకట్ల ఆరే కదా,
అదే ఉన్ని, అదే ధర, మీకేం నష్టం?"

పెద్దమ్మ తలూపింది.
ఉన్ని అదే. నిజమే.

మొదటిది కుడుతుంటే వేళ్ళకి తెలిసింది.
మా అంచుకి రెండు తాళ్ళు కావాలి,
కుడికి పేనింది ఒకటి, ఎడమకి పేనింది ఒకటి,
పక్కపక్కన కుడితే సన్నటి జడ.
మీటరు జడకి ఒక రాత్రి.
పాత తివాచీ అయితే పదో రాత్రికి
పెద్దమ్మ నడుము వాల్చేది.
ఇది పదకొండో రాత్రీ తెమల్లేదు.
పన్నెండు.
పదమూడో రాత్రి పొయ్యిలోకి పిడకలు లేవు.
పద్నాలుగో రాత్రి సూదిని తలగడకి గుచ్చి
"ఇందులో ఎవరో నాలుగు రాత్రులు దాచేశారు,
వెతుకు" అంది నాతో.

పెన్సిలుతో వెతికాను.
మూడూ రెండూ అయిదు, అయిదు రెళ్ళు పది.
ఆరూ ఒకటీ ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు.
కడుపు అంతే ఉంది,
చుట్టూ నడకే పెరిగింది.
దీర్ఘచతురస్రం ఎంత చిక్కిపోతే
సూదికి అంత దూరం.

నోటుబుక్కుని చాలాసేపు చూసింది పెద్దమ్మ,
అంకెలు తెలిసీ తెలియనట్టు.
"అందుకే కాబోలు
మనవాళ్ళు గుడారం గుండ్రంగా వేసుకున్నది.
తక్కువ అంచు, ఎక్కువ చోటు.
ఇంటికి మూలలొచ్చాక కదా
మనుషుల్ని మూల కూర్చోబెట్టడం వచ్చింది."

మెలిస్ వచ్చాడు. పుస్తకం చూపించాను.
టేపు తీసి నా లెక్క సరిచూశాడు.
తప్పు దొరక్క చెవి గోక్కున్నాడు.
"హోటలువాళ్ళు చదరాలకే డబ్బిస్తారమ్మాయ్.
అంచు కొనేవాణ్ణి
నేనెక్కణ్ణుంచి తేను?"

గొర్రె తోక బెత్తెడే అని ఎవరన్నారో గానీ
మా గొర్రెల తోకలు కొవ్వెక్కి ఊగుతుంటాయి.
కూలి ఒక్కటే బెత్తెడు.

పెద్దమ్మ వాదించలేదు. టీ పోసి పంపించింది.
మిగతా పదకొండూ కుట్టింది.
పొట్టి వైపులు రెండూ, పొడుగు వైపు ఒకటీ నిండుగా,
రెండో పొడుగు వైపున రెండు మీటర్లు.
ఒకటీ ఒకటీ ఆరూ రెండూ.
పదో మీటరు దగ్గర ముడి వేసి
దారం తెంపేసింది.
అక్కణ్ణుంచి నాలుగు మీటర్లు బోడి ఉన్ని.

మెలిస్ మడత విప్పి చూశాడు.
"పోనీ, గోడ వైపుకి వేయిస్తా, కనపడదు" అన్నాడు.
డబ్బు తగ్గించలేదు. పెంచనూ లేదు.

ఏది గోడ వైపో, ఏది కాళ్ళ వైపో
పరిచేవాడి చేతిలో ఉంటుంది.
పైగా ఆ మొదటి తివాచీకి అంచు పూర్తిగా ఉంది.
దాని పక్కన వీటిని చూసి,
సగంలో కుట్టడం మరిచిపోయారు పాపం
అనుకుంటారేమో, బూట్లు విప్పుతూ ఎవరైనా.

మరిచిపోలేదు.
కొలిచే ఆపాం.